తోవరాళ్లతో కట్టిన మేడ

ఏ పని చేసినా అది పక్కవాడి దానికన్నా బెత్తెడైనా పెద్దదిగా ఉంటే తప్ప నిద్రపట్టని కదిరప్ప అనే దర్జీ నాగులపాళెం అనే చిన్న ఊళ్లో ఉండేవాడు. పెళ్లి భోజనాల్లో తన ముందు వేసిన విస్తరి పక్కవాడి విస్తరి కన్నా చిన్నదిగా కనిపిస్తే లేచి చోటు మారేవాడు. ఊళ్లో అందరి చొక్కాలకూ ఒక్కో జేబు కుట్టి, తన చొక్కాకు మాత్రం నాలుగు కుట్టుకునేవాడు. వాటిలో పెట్టుకోవడానికి అతని దగ్గర ఏమీ ఉండేది కాదు, అది వేరే సంగతి. అలాగని మనిషి చెడ్డవాడు కాదు. ఒళ్లు వంచి పనిచేసేవాడు. నలుగురినీ నవ్వించేవాడు. భార్య సుంకులమ్మ అంటే అతనికి ప్రాణం.

వాళ్లిద్దరూ కుట్టుమిషను ఉన్న ఒకే ఒక్క అద్దె గదిలో కాపురం ఉండేవారు. రాత్రి మిషను గోడవారకు జరిపితేగాని చాప పరవడానికి చోటు దొరికేది కాదు. పొయ్యి వెలిగిస్తే పొగ బయటికి పోయే దారి తెలియక గదంతా తిరిగేది. అందుకే సుంకులమ్మకు సొంత ఇల్లు కావాలని ఉండేది. రెండు గదులు, పొగ బయటికి పోయే వంటిల్లు ఉంటే చాలని ఆమె అనేది. మేడ లేని ఇల్లు ఇల్లే కాదని కదిరప్ప అనేవాడు. ఈ మాట మీద ఇద్దరూ రాత్రిళ్లు పోట్లాడుకుని, లేని ఇంటికి తలుపులు ఎటు పెట్టాలో ఆలోచిస్తూ నిద్రపోయేవారు.

సుంకులమ్మ పుట్టిల్లు మొగిలికొండ కింద ఉంది. మీరు చూసి ఉండరు గాని, అది చెట్టూ చేమా తక్కువగా ఉన్న రాతికొండ. గుండు మీద గుండు, బండ మీద బండ, అన్నిటికన్నా పైన బోడిగా, నున్నగా, విశాలంగా నెత్తిబండ. చలి మొదలయ్యే రోజుల్లో ఇల్లు లేనివాళ్లు ఆ కొండ ఎక్కుతారు. కొండ కింద వాగులో రాళ్లు ఏరుకుని, కొంగులోనో పంచెలోనో మూటగట్టుకుని నెత్తిబండ దాకా మోసుకుపోతారు. అక్కడ మూడు రాళ్లు గోడలుగా నిలబెట్టి, పైన ఒక పలకరాయి కప్పుగా వేసి, బొమ్మరిల్లులాంటి ఇల్లు కడతారు. అలా కట్టినవాళ్లకు ఎప్పటికైనా సొంత ఇల్లు అమరుతుందని ఆ చుట్టుపక్కల వాళ్ల నమ్మకం. ఎంత ఇల్లు కట్టాలన్నా రాళ్లు కిందినుంచే మోసుకురావాలి. ఎక్కడం కష్టం కనుక అందరి ఇళ్లూ చిన్నవిగానే ఉండేవి.

ఒక ఏడు సుంకులమ్మ పట్టుబట్టి కదిరప్పను ఆ కొండకు తీసుకుపోయింది. దారిలో అతనికి అక్కడి పద్ధతులన్నీ చెప్పింది. అన్నిటికన్నా ముఖ్యమైనది తోవరాళ్ల సంగతి. నెత్తిబండ మీద గడ్డి మొలవదు, అడుగు పడినా జాడ ఉండదు, ఎటు చూసినా ఒకేలా ఉంటుంది. పడమటి వైపు అది మెల్లగా వాలుతుంది. నడిచేవాడికి తాను వాలులో ఉన్నట్టే తెలియదు. తెలిసేసరికి కాలు నిలవదు, ఆ తర్వాత అంతా లోయ. అందుకని ఎప్పుడో ఎవరో పెద్దవాళ్లు తెల్లటి పలుగురాళ్లు మోసుకొచ్చి, బండలో అక్కడక్కడా పొడుచుకొచ్చిన గుబ్బల మీద ఒక్కొక్కటి పెట్టారు. ఒక తెల్లరాయి దగ్గర నిలబడితే తరువాతి తెల్లరాయి కనిపిస్తుంది. వాటి వెంటే పోతే పసిపిల్ల కూడా క్షేమంగా పైకి చేరుతుంది. ఆ రాళ్ల మీద చెయ్యి వేయకూడదని, పడిపోయిన రాయి కనిపిస్తే నిలబెట్టి గాని ముందుకు కదలకూడదని సుంకులమ్మ చెప్పింది. కదిరప్ప సరే సరే అన్నాడు. అప్పటికి అతని మనసంతా మేడ మీద ఉంది.

వాగులో సుంకులమ్మ తన ఇంటికి కావలసిన నాలుగు రాళ్లు చూసి ఏరుకుని కొంగున కట్టుకుంది. కదిరప్ప నాలుగు జేబులూ నింపాడు. తువ్వాలు నిండా మూటగట్టి భుజాన వేసుకున్నాడు. ఎక్కడం మొదలుపెట్టగానే ఆ బరువు మోకాళ్లలోకి దిగింది. గుండ్ల మధ్య చేతులతో పాకవలసిన చోట మూట వెనక్కి లాగేది. ఇంకొంచెం పైకి పోయాక రెండు పెద్ద గుండ్ల మధ్య ఒక ఇరుకు సందు వచ్చింది. పక్కవాటుగా ఒదిగితే తప్ప మనిషి పట్టడు. సుంకులమ్మ తేలిగ్గా దూరిపోయింది. కదిరప్ప మాత్రం ఉబ్బిన జేబులతో సందు మధ్యలో ఇరుక్కుని ముందుకూ వెనక్కీ కాకుండా నిలబడిపోయాడు. సుంకులమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుంది. చివరికి అతను జేబులు ఖాళీ చేసి, మూట విప్పి, రాళ్లన్నీ అక్కడే పారబోసుకుని బయటపడ్డాడు.

సందు దాటాక కదిరప్ప ముఖం చిన్నబోయింది. ఇక మిగిలినవి సుంకులమ్మ కొంగులోని నాలుగు రాళ్లే. అంటే అందరు కట్టే గుడిసే తనకూ. ఈ సంగతి అతనికి మింగుడుపడలేదు.

ఎదురుగా ఒక ముసలి జంట కొండ దిగుతూ కనిపించింది. వాళ్లు పక్క ఊరి వాళ్లు. పైన ఇల్లు కట్టి వస్తున్నామని చెప్పారు. ఆ వయసులో ఇల్లెందుకని కదిరప్ప అడగబోతే సుంకులమ్మ మోచేత్తో పొడిచింది. గాలి తూర్పుకు తిరిగిందని, మబ్బు కొండ మీదికి రావచ్చని, తొందరగా చూసుకుని దిగమని వాళ్లు జాగ్రత్త చెప్పారు.

నెత్తిబండ మొదట్లో సుంకులమ్మకు పిక్క పట్టేసింది. ఆమె ఒక గుండుకు ఆనుకుని కూర్చుని కాలు నిమురుకుంది. కదిరప్ప పక్కన నిలబడి కాసేపు తువ్వాలుతో విసురుతూ, కాసేపు పైకి చూస్తూ ఉన్నాడు. అతను పైకి చూడడం ఆమె చూసింది.

"నువ్వు పోతా ఉండు. నేను నిమ్మళంగా వస్తా. తోవరాళ్లు ఉండాయి గదా, నాకేం భయం" అంది.

కదిరప్ప ఒక్కడే బండ మీద నడక మొదలుపెట్టాడు. ఎండ మెత్తగా ఉంది. గాలిలో మొగిలిపూల వాసన ఎక్కడినుంచో వస్తూ పోతూ ఉంది. నల్లటి బండ మీద మొదటి తోవరాయి కల్లుప్పు గడ్డలా మెరుస్తూ కనిపించింది. అతను దాని దగ్గర ఆగాడు. చేతికి సరిగ్గా సరిపోయేంత రాయి. ఇలాంటి తెల్లరాళ్లతో కడితే ఆ మేడ ఎంత బాగుంటుందో అనుకున్నాడు. అనుకోవడంలో తప్పేముంది, ముందుకు నడిచాడు. రెండో రాయి ఇంకా తెల్లగా ఉంది. మూడోది పలకలా, కప్పు వేయడానికే పుట్టినట్టు ఉంది. కదిరప్ప అటూ ఇటూ చూశాడు. ఆ బోడి బండ మీద చూసేవాళ్లు ఎవరుంటారు? పలకరాయి తీసి జేబులో వేసుకున్నాడు.

ఒక్కటి తీస్తే ఏమవుతుంది అని ముందు తనకు తాను చెప్పుకున్నాడు. తరువాత, ఒకటి వదిలి ఒకటి తీస్తే దారి ఎలాగూ కనిపిస్తుంది అనుకున్నాడు. ఆ తరువాత, రాయి తీసినా కింద గుబ్బ అలాగే ఉందిగా అనుకున్నాడు. నిజమే, గుబ్బ అలాగే ఉంది. కాని ఆ బండ మీద అలాంటి గుబ్బలు లెక్కలేనన్ని. తెల్లరాయి లేని గుబ్బ బండలో కలిసిపోయింది. సుంకులమ్మ సంగతి గుర్తు రాకపోలేదు. పుట్టింటి కొండ కదా, కళ్లు మూసుకుని వస్తుందిలే అనుకున్నాడు. మనకు కావలసింది చేస్తున్నప్పుడు మన ఇంట్లోవాళ్ల తెలివి మీద మనకు ఎక్కడలేని నమ్మకం వస్తుంది. పైకి చేరేసరికి నాలుగు జేబులూ నిండాయి. అయినా మేడకు చాలవనిపించి, వెనక్కి పోయి వదిలేసిన రాళ్లు కూడా తెచ్చుకున్నాడు. సుంకులమ్మ ఇంకా కింద గుండు చాటునే ఉంది.

నెత్తిబండ పైన చిన్న చిన్న రాతి ఇళ్లు ఊరంతగా పరుచుకుని ఉన్నాయి. కొన్ని నిలబడి ఉన్నాయి, కొన్ని గాలికి ఒరిగి ఉన్నాయి. ఎవరెవరి ఆశలో అన్నీ అక్కడ ఎండ కాగుతున్నాయి. కింద చేలు, చెరువులు, ఊళ్లు పొగమంచులో తేలుతున్నట్టు కనిపించాయి. కదిరప్ప మంచి చోటు చూసుకుని కూర్చుని మేడ కట్టాడు. కింద నాలుగు గదులు కట్టాడు. పైన మరో రెండు, ముందు అరుగు, పక్కన మెట్లు. పలకరాయి కప్పు వేశాడు. ఆ చుట్టుపక్కల ఇళ్లన్నీ దాని ముందు కోళ్లగూళ్లలా ఉన్నాయి. అతను బండ మీద చెంప ఆనించి పడుకుని, ఒక కన్ను మూసి దాన్ని చూశాడు. అలా చూస్తే మేడ నిజం మేడంత కనిపించింది. సుంకులమ్మ వచ్చి చూసి ఏమంటుందో ఊహించుకుంటూ, మెత్తటి ఎండలో అతను అలాగే కునుకు తీశాడు.

కలలో అతను ఆ మేడ లోపల ఉన్నాడు. గోడలు తెల్లగా ఉన్నాయి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి నడుస్తున్నాడు, గదులు అయిపోవడం లేదు. కిటికీలోంచి వెలుతురు పాలలా లోపలికి పోస్తోంది. ఎంత హాయిగా ఉందంటే అతనికి తన కాళ్లు నేలకు తగులుతున్నట్టే లేదు. బయట ఎవరో నడుస్తున్న చప్పుడు వినిపించింది. సుంకులమ్మ. గోడ పట్టుకుని ఇంటి చుట్టూ తిరుగుతోంది. వాకిలి ఎటుందని అడుగుతోంది. కదిరప్ప చెప్పబోయాడు. అప్పుడు చూసుకున్నాడు, ఆ ఇంటికి వాకిలి లేదు.

ఉలిక్కిపడి లేచాడు. కళ్లు తెరిచినా ఏమీ కనిపించలేదు. మబ్బు కొండ మీదికి వచ్చేసింది. బండ లేదు, ఆకాశం లేదు, ఎటు చూసినా తెలుపు. చెయ్యి చాస్తే వేళ్లు మసకగా కనిపించాయి. పక్కనే తన మేడ, దాని చుట్టూ ఒకటి రెండు చిన్న ఇళ్లు, అంతే ప్రపంచం. సుంకులమ్మ ఇంకా రాలేదు.

"సుంకులూ" అని పిలిచాడు.

పిలుపు ఎక్కడికీ పోకుండా మబ్బులో నానిపోయింది. మళ్లీ పిలిచాడు. చాలాసేపటికి ఆమె గొంతు వినిపించింది. అది తోవ వైపునుంచి రాలేదు. పడమటి వైపునుంచి వచ్చింది.

"ఏమయ్యా, యాడుండావు?"

కదిరప్ప పడమటికి తిరిగాడు. తాను పైనే ఉన్నానని, ఉన్నచోటి నుంచి కదలవద్దని అరిచాడు. ఆమె గొంతు నెమ్మదిగా, ఆగి ఆగి వచ్చింది.

"తోవరాళ్లు కనపడక శానాసేపాయె. నేనే యాడో తప్పినట్టుండా. కాలికింద బండ జారతాంది. కొంగులో రాళ్లు ఒక్కొక్కటే ముందుకు దొర్లించి చూసినా. దొర్లతా పోయి, ఆ తర్వాత సద్దే లేదు. అందుకే కూచున్నా."

ఆమె కొంగులో ఉన్నది వాళ్ల ఇల్లు. దాన్ని ఒక్కొక్క రాయిగా లోయలోకి వదిలి ఆమె తన ప్రాణం నిలుపుకుంది. అంతకన్నా అతన్ని కోసింది ఇంకో మాట. దారి తానే తప్పానని ఆమె అనుకుంటోంది. కావాలంటే అతను ఆ మాటను అలాగే ఉండనివ్వవచ్చు. ఆ మబ్బులో అతని ముఖం చూసేవాళ్లు లేరు. కాని కదిరప్ప ఊరుకోలేకపోయాడు.

"నువ్వు తప్పలేదు సుంకులూ. తోవరాళ్లు నేనే తీసేసినా. మేడ కట్టాలని" అన్నాడు.

మబ్బు మెల్లగా కదులుతోంది. ఆమె జారిపోయిందేమోనని అతను చెవులు రిక్కించాడు.

"అయితే వాటినే పెట్టుకుంటా రా. తొందరపడాకు" అని ఆమె గొంతు వినిపించింది.

కదిరప్ప మోకాళ్ల మీద కూర్చుని మేడ విప్పడం మొదలుపెట్టాడు. కప్పు తీశాడు, మిద్దె గదులు తీశాడు, మెట్లు తీశాడు. కట్టినంతసేపు పట్టలేదు. రాళ్లన్నీ జేబుల్లోనూ తువ్వాలులోనూ వేసుకుని, మొదటి రాయి మేడ ఉన్న చోటే పెట్టి, పడమటికి పాకాడు. రాయి కనుమరుగయ్యేంత దూరం పోకముందే ఇంకొకటి పెట్టాడు. ఆమెను పిలవడం, జవాబు వచ్చిన వైపు తిరగడం, పాకడం, రాయి పెట్టడం, అంతే. ఒకసారి ఆమె గొంతు చెవి పక్కనే ఉన్నట్టు వినిపించేది, మరోసారి ఆకాశంలోంచి వచ్చినట్టుండేది. మబ్బులో మాట ఎటు తిరుగుతుందో తెలియదు. కాసేపటికి అతనికి తాను కొండ మీద ఉన్నాడో ఇంకా ఆ కలలోనే ఉన్నాడో తెలియకుండా పోయింది. చేతికింద తడిసిన రాయి చల్లదనం ఒక్కటే నిజంగా ఉంది.

బండ వాలుతున్నట్టు అరచేతులకు తెలిసింది. అతను బోర్లా పడుకుని, రాళ్లను గుబ్బలకు ఆనించి నిలబెడుతూ ముందుకు జరిగాడు. చివరికి మబ్బులో ఒక ఎర్రటి మరక కనిపించింది. సుంకులమ్మ చీర. ఆమె రెండు మడమలూ బండకు తన్నిపెట్టి, వెనక్కి వాలి, కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. కదిరప్ప తువ్వాలు విదిలించి చాచాడు. ఆమె దాన్ని పట్టుకుంది. ఇద్దరూ వెనక్కి వెనక్కి, ఒక తెల్లరాయినుంచి ఇంకో తెల్లరాయికి పాకుతూ పైకి చేరారు.

పైకి వచ్చాక కదిరప్ప ఏడ్చాడు. ఏడుస్తుంటే సుంకులమ్మ చూస్తూ ఊరుకుంది. ఓదార్చలేదు, తిట్టనూ లేదు. కాలు ముందుకు చాచుకుని పిక్క నిమురుకుంటూ, మబ్బు విడిచేదాకా కూర్చుంది.

మబ్బు వచ్చినట్టే పోయింది. ఒక పక్కనుంచి నీలం కనిపించింది, తరువాత చెరువులు, తరువాత ఊళ్లు. ఎండ ఏటవాలుగా పడుతోంది. ఇక దిగిపోదామని, ఈ కొండ ముఖం మళ్లీ చూడనని కదిరప్ప లేచాడు. సుంకులమ్మ కదలలేదు. పడమటి వైపు చెయ్యి చూపించింది. తడిసి ఆరుతున్న నల్లబండ మీద తెల్లరాళ్లు వరసగా, అందంగా, లోయ అంచు దాకా దిగిపోతున్నాయి.

"రేపు ఇంకెవరన్నా వాటిని నమ్ముకోని నడిస్తే?" అంది.

కదిరప్ప అటు చూశాడు. మబ్బులో కనిపించని లోయ ఇప్పుడు కనిపిస్తోంది. గద్దలు కాళ్ల కింద తిరుగుతున్నాయి. అయినా అతను మళ్లీ బోర్లా పడుకుని ఆ వాలులోకి దిగాడు. చిట్టచివర పెట్టిన రాయి దగ్గరికి పోయి చూస్తే, ఆమె కూర్చున్న చోటుకి ముందు బండ ఒక మనిషి పడుకునేంత మేర కూడా లేదు. ఆ రాయిని తీసుకుని, మిగతావన్నీ ఒక్కొక్కటే ఏరుకుంటూ వెనక్కి వచ్చాడు. వచ్చి ఆ రాళ్లను ఆమె ముందు పోశాడు. ఇందాక మేడగా కనిపించిన రాళ్లే అవి. ఇప్పుడు వాటిని చూడడానికే అతనికి భయమేసింది.

వాటిని పాత చోట్లలో పెట్టడం అనుకున్నంత సులువు కాలేదు. ఏ రాయి ఏ గుబ్బ మీదిదో అతనికి గుర్తు లేదు. తీసేటప్పుడు రాయినే చూశాడు గాని చోటు ఎవరు చూశారు? సుంకులమ్మ ఒక ఉపాయం చెప్పింది. ఒక రాయి పెట్టి ఆమె దాని పక్కన నిలబడేది. కదిరప్ప ముందుకు పోయి, చదునుగా ఉన్న గుబ్బ వెతికి, దాని మీద ఇంకో రాయి పెట్టేవాడు. అది ఆమె నిలబడిన చోటికి కనిపిస్తే సరే. కనిపించకపోతే మళ్లీ తీసి వేరే చోట. అతను అంగుళం తేడా వచ్చినా ఊరుకోలేదు. చేత్తో ఊపి చూసేవాడు, కింద సన్నరాయి దూర్చి కదలకుండా చేసేవాడు. కుట్టుపనిలో కూడా అతను ఎప్పుడూ అంత శ్రద్ధ చూపలేదు. చివరి తోవరాయి పెట్టేసరికి నెత్తిబండ రాగిరంగుకు తిరిగింది.

అప్పుడు గుర్తొచ్చింది వాళ్లకు, వచ్చిన పని కాలేదని. కట్టడానికి ఒక్క రాయి కూడా లేదు. వాగులో ఏరుకున్నవి కొన్ని సందు దగ్గర, కొన్ని లోయలో ఉన్నాయి. కదిరప్ప ఆమె ముఖం చూడలేక తల వంచుకున్నాడు. వచ్చే ఏడు చూసుకుందామని సుంకులమ్మ అంది. అని, ముందు నడిచింది.

కొండ దిగేసరికి వెలుతురు పలచబడుతోంది. వాగు ఒడ్డున ఒక జంట ఎద్దులబండి విప్పుకుని, అన్నం వండుకుంటున్నారు. తెల్లవారుజామున కొండ ఎక్కడానికి వచ్చినవాళ్లు. వాళ్ల పసిపాప తల్లి ఒడిలో కాళ్లు కొట్టుకుంటూ ఆడుకుంటోంది. పాపను కూడా పైకి తీసుకుపోతారా అని సుంకులమ్మ అడిగింది. ఇంటి కోసం పోతూ ఇంట్లో మనిషిని వదిలిపెట్టి ఎలా పోతామని ఆ తల్లి నవ్వింది. తండ్రి లేచి వచ్చి కదిరప్పను పలకరించాడు. కొండ తనకు కొత్త అని, మబ్బులు చూస్తే భయంగా ఉందని చెప్పాడు.

"తోవరాళ్లు సరిగా ఉండాయా అన్నా?" అని అడిగాడు.

కదిరప్ప ఆ పాపను చూశాడు. పాప అరికాళ్లు నిప్పుల వెలుగులో గులాబీరంగులో ఉన్నాయి. అతను చెప్పవలసిన జవాబు ఇప్పుడు నిజమే. కాని మధ్యాహ్నం, రాళ్లు జేబుల్లో ఉన్నప్పుడు అడిగి ఉన్నా ఇదే జవాబు చెప్పేవాడని అతనికి తెలుసు, అదే అతన్ని తొలిచేసింది. సుంకులమ్మ అతని బదులు జవాబు చెప్పలేదు. అతను చెప్పేదాకా పక్కనే నిలబడింది.

"ఉండాయి. ఒక్కొక్కటీ చూసే వచ్చినా. పాపను ఎత్తుకోని నిమ్మళంగా పోండి" అన్నాడు కదిరప్ప. అని, చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆ తండ్రికి ఏమీ అర్థం కాలేదు. అలసిపోయినట్టున్నాడని చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చాడు.

నలుగురూ క్షేమంగా నడవడానికి పెట్టిన రాయిని తీసి మన మేడకు పెట్టుకుంటే, ముందుగా దారి తప్పేది మనకోసం వచ్చే మనవాళ్లే.